ఎనిమిది సెకన్ల లెక్క

చిన్నప్పుడు మా ఊళ్లో సైకిళ్లు గంట లెక్కన అద్దెకిచ్చేవాళ్లు. గంటకి అర్ధరూపాయి. షాపాయన గోడ గడియారం వంక చూసి నోటుపుస్తకంలో పేరూ టైమూ రాసుకునేవాడు. ఆ గంటలో ఎంత దూరం వెళ్లి వెనక్కి రాగలం అన్నదే మా పందెం. వెళ్లేటప్పుడు కాలవ గట్టు మీద గాలి వీపుని తోసేది, రెక్కలొచ్చినట్టుండేది. వచ్చేటప్పుడు అదే గాలి ఎదురు. ఎంత తొక్కినా బండి కదిలేది కాదు. గంట దాటితే ఇంకో అర్ధరూపాయి. అలాంటి ఓ సాయంత్రం, వెనక క్యారియర్ మీద కూర్చున్నవాడు "వంగి తొక్కరా, ఛాతీ అడ్డం పెట్టకు" అన్నాడు. వంగాను. బండి కదిలింది. కాళ్లలో బలం పెరగలేదు, సైకిలు మారలేదు. మారింది నా నడుం వంపు ఒక్కటే.

ఆ వంపు మీద ప్రపంచ సైక్లింగ్‌లో ముప్ఫై, నలభయ్యేళ్లుగా పెద్ద గొడవే నడిచింది. ఒకాయన జీవితం దాని వల్లే తల్లకిందులైందంటారు. నిజంగా దాని వల్లేనా అన్నది ఈ టపాలో నేను తేల్చుకోవాలనుకుంటున్న విషయం.

ముందు టైమ్ ట్రయల్ అంటే ఏంటో చెప్పేస్తా. మామూలు సైకిల్ రేసుల్లో వందా నూటయాభై మంది గుంపుగా పోతారు. ముందున్నవాడి వెనక నక్కితే గాలి దెబ్బ తగ్గుతుంది కాబట్టి అక్కడ ఎత్తులు, పైఎత్తులు, స్నేహాలు, వెన్నుపోట్లు అన్నీ ఉంటాయి. టైమ్ ట్రయల్లో అవేవీ లేవు. ఒక్కొక్కణ్నే నిమిషానికో, రెండు నిమిషాలకో వదుల్తారు. ఎవరి వెనకా నక్కకూడదు. మనిషి, సైకిలు, గడియారం. అంతే. అందుకే ఫ్రెంచివాళ్లు దీన్ని సత్యపరీక్షగా చెప్పుకుంటారు. ఎవడి సత్తా ఎంతో దాచుకోకుండా బయటపడుతుందని నమ్మకం.

ఆ పరీక్ష బయటపెట్టేది సత్తానేనా అన్న అనుమానం 1989 జులై 23న ప్యారిస్‌లో అందరికీ ఒకేసారి కలిగింది.

ఆ ఏడాది టూర్ డి ఫ్రాన్స్ ఆఖరి అంచె వెర్సాయ్ నుంచి షాంజెలిజే దాకా 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. పసుపు జెర్సీ ఫ్రాన్స్ వీరుడు లొరాన్ ఫిన్యోన్ ఒంటి మీదుంది. అప్పటికే 1983, 1984లో రెండు సార్లు టూర్ గెలిచినవాడు. ఇప్పుడు 50 సెకన్ల ఆధిక్యంలో ఉన్నాడు. వెనకున్నది అమెరికన్ గ్రెగ్ లెమాండ్. 1986లో టూర్ గెలిచి, 1987లో వేటకెళ్లి ప్రమాదవశాత్తూ తుపాకీ గుండ్లు ఒంటినిండా దిగి, చావు తప్పి బయటపడి, రెండేళ్లు ఎక్కడున్నాడో తెలీకుండా పోయినవాడు. 24.5 కిలోమీటర్లలో 50 సెకన్లు లాగడమంటే కిలోమీటరుకి రెండు సెకన్ల పైమాటే. కుదరదన్నారు అందరూ.

లెమాండ్ 26 నిమిషాల 57 సెకన్లలో పూర్తి చేశాడు. గంటకి 54.545 కిలోమీటర్ల వేగం. ఫిన్యోన్‌కి 27 నిమిషాల 55 సెకన్లు పట్టింది. తేడా 58 సెకన్లు. అందులో 50 తీసేస్తే 8. మూడు వారాలు, 3285 కిలోమీటర్లు, 87 గంటల పైచిలుకు తొక్కుడు అయ్యాక తేలిన తేడా 8 సెకన్లు. టూర్ చరిత్రలో ఇంతకన్నా తక్కువ తేడా ఇప్పటిదాకా లేదు. గీత దాటి కింద కూలబడ్డ ఫిన్యోన్ ఫొటో చూసే ఉంటారు.

ఇక పోస్ట్ మార్టం. మన ఆఫీసుల్లో అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే తెల్లారేసరికి రూట్ కాజ్ కావాలంటారు చూడండి, అచ్చం అలాగే. ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే కారణం కళ్లకు కట్టినట్టుంది. లెమాండ్ సైకిలుకి ముందుకి చాచిన కొత్తరకం హ్యాండిల్ కడ్డీలున్నాయి. మోచేతులు వాటి మీద ఆనించి, రెండు చేతులూ దగ్గరికి చేర్చి, వీపు బల్లపరుపుగా పెట్టి వంగిపోయాడు. నెత్తి మీద వెనక్కి తోకలా సాగిన హెల్మెట్. ఫిన్యోన్‌కి పాత తరహా ఎద్దుకొమ్ముల హ్యాండిల్. హెల్మెట్ లేదు. కళ్లజోడు, వెనక గాలికి ఊగే పిలకజుట్టు. ఇంకేం కావాలి? హ్యాండిల్ వల్ల పోయింది, కాదు పిలక వల్ల పోయింది. ఆ ముప్ఫయ్యారు అంగుళాల వివరణ ఇప్పటికీ అలా చెలామణీ అవుతూనే ఉంది.

ఆ కడ్డీల కథ కూడా సరదాగా ఉంటుంది. వాటిని తయారుచేసిన బూన్ లెనన్ సైక్లింగ్ మనిషి కాదు, స్కీయింగ్ కోచ్. మంచుకొండల మీంచి కిందికి జారేవాళ్లు చేతులు ముందుకి పెట్టి ముడుచుకుంటారు కదా, ఆ భంగిమని సైకిలెక్కించాడు. ముందు ట్రయథ్లాన్ జనం పట్టుకున్నారు. యూరప్ పెద్దలకి ట్రయథ్లాన్ అంటే చిన్నచూపు. బయటివాడి ఐడియాని ఇంట్లోవాళ్లు ఎలా చూస్తారో మనకి తెలియందా.

సరే, ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. గంటకి యాభై కిలోమీటర్ల వేగంలో చదును రోడ్డు మీద సైక్లిస్టు పెట్టే శక్తిలో తొంభై శాతం దాకా గాలిని చీల్చడానికే పోతుంది. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దాన్ని తట్టుకోడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వేగం ఒక శాతం పెరగాలంటే శక్తి మూడు శాతం పెరగాలి, లేదా నిరోధం మూడు శాతం తగ్గాలి. ఆ నిరోధంలో సైకిలు వాటా తక్కువ. సింహభాగం దాని మీద కూర్చున్న మనిషిదే. అందుకే లక్షలు పోసి కొన్న చక్రం కన్నా పైసా ఖర్చులేని నడుం వంపు ఎక్కువ పనిచేస్తుంది.

ఈ లెక్కన ఆ రోజు లెమాండ్ వేగం ఫిన్యోన్ కన్నా సుమారు మూడున్నర శాతం ఎక్కువ. ఘనం కడితే శక్తికీ నిరోధానికీ మధ్య నిష్పత్తిలో 11 శాతం తేడా. మరి ఫిన్యోన్ టూర్ నిలబెట్టుకోడానికి ఎంత తేడా చాలు? 9 సెకన్లు. శక్తిలోనో నిరోధంలోనో ఒకటిన్నర శాతం చిల్లర. ఒక మోస్తరు హెల్మెట్టే ఆ పని చేసిపెట్టగలదు.

కాబట్టి సరంజామా వల్లే పోయిందని తీర్మానించేద్దామా? కాస్త ఆగండి. జనం మర్చిపోయేవి రెండున్నాయి. ఒకటి, ఫిన్యోన్ సైకిలు మరీ పాతచింతకాయ పచ్చడేం కాదు. అతనికి ముందూ వెనకా రెండూ డిస్క్ చక్రాలే. లెమాండ్‌కి వెనక ఒక్కటే. రెండోది ఇంకా ముఖ్యం. లెమాండ్ ఆ కడ్డీలు వాడింది ఆ రోజే కాదు. అదే టూర్ ఐదో అంచెలో, దినార్ నుంచి రెన్ దాకా 73 కిలోమీటర్ల టైమ్ ట్రయల్లో కూడా వాడాడు. అప్పుడు ఫిన్యోన్ మీద సంపాదించింది 56 సెకన్లు. 73 కిలోమీటర్లకి 56. ఆఖరి రోజు 24.5 కిలోమీటర్లకే 58. హ్యాండిళ్ల తేడా రెండు రోజులూ ఒకటే. మరి కిలోమీటరుకి వచ్చిన తేడా మూడింతలెలా అయింది? దారులు వేరు, వాతావరణం వేరు, ఒప్పుకుంటా. అయినా మొత్తం పాపం హ్యాండిల్ నెత్తిన రుద్దితే రెన్ లెక్క కుదరదు. మధ్యలో గాప్ నుంచి ఓర్సియేర్ కొండ మీదికి 39 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ ఒకటి జరిగింది. ఎత్తెక్కేటప్పుడు వేగం తక్కువ, గాలి వాటా తక్కువ. అక్కడ కూడా లెమాండ్ 47 సెకన్లు లాగాడు. అంటే ఫామ్‌లో కూడా తేడా ఉంది.

పైగా ఆఖరి రెండు రోజుల్లో ఫిన్యోన్‌కి సీటు రాపిడికి పుండు పడింది. రాత్రి నిద్ర లేదు, సీటు మీద కుదురుగా కూర్చోలేని పరిస్థితి. సీటు మీద కుదురు లేనివాడికి ఏ హ్యాండిలిస్తే మాత్రం ఏం వంగుతాడు?

నాకు అర్థమైనంత వరకు సంగతేంటంటే, 8 సెకన్ల తేడా దగ్గర ప్రతి కారణమూ అసలు కారణమే. కడ్డీలు తీసేయండి, లెమాండ్ ఓడిపోతాడు. పుండు తీసేయండి, అప్పుడూ బహుశా ఓడిపోతాడు. ఆల్ప్స్‌లో ఏదో ఒక మలుపులో ఫిన్యోన్ ఇంకో పది సెకన్లు లాగాడనుకోండి, అప్పుడూ అంతే. పది కారణాలు కలిస్తే జరిగినదానికి ఫొటోలో కనిపించే ఒక్కదాన్ని పట్టుకుని పేరు పెట్టేశాం.

మరి ఏది ఎంత అన్నది విడదీసి చూసే మార్గమే లేదా అంటే, ఉంది. దానికి రోడ్డు వదిలి ట్రాక్ మీదికి రావాలి. గంట రికార్డ్ అని ఒక ప్రక్రియ ఉంది. గుండ్రటి ట్రాక్ మీద ఒక్కడే ఒక గంటలో ఎంత దూరం తొక్కగలడు అన్నదే పోటీ. మా అర్ధరూపాయి పందెమే, కాకపోతే వెనక్కి రానక్కర్లేదు. కొండల్లేవు, గుంపు లేదు. మనబోటివాళ్లకి ఇది టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ లాంటిది.

1972లో బెల్జియం దిగ్గజం ఎడ్డీ మెర్క్స్ మెక్సికో సిటీలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు. 1984 జనవరిలో ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో మోజర్ అదే ఊళ్లో, డిస్క్ చక్రాల సైకిలు మీద నాలుగు రోజుల తేడాతో రెండు సార్లు బద్దలుకొట్టి 51.151కి చేర్చాడు. తొమ్మిదేళ్లు ఎవరూ ముట్టుకోలేదు.

1993లో స్కాట్లాండ్ నుంచి గ్రేమ్ ఓబ్రీ వచ్చాడు. ఉద్యోగం లేదు, పెట్టిన సైకిల్ షాపు మునిగింది, ఒళ్లంతా అప్పులు. తన సైకిలు తనే తయారుచేసుకున్నాడు. అందులో వాషింగ్ మెషిన్ నుంచి ఊడదీసిన బేరింగులు కూడా వాడాడు. చేతులు ఛాతీ కిందకి ముడుచుకుని, గుడ్డులో పిల్లలా కూర్చునే భంగిమ. చూసినవాళ్లు నవ్వారు. జులై 16న నార్వేలోని హామర్‌లో ప్రయత్నించాడు. ఆ రోజు ఎక్కింది తన సైకిలు కాదు, దాని నమూనాలో వేరేవాళ్లు చక్కగా చేసిచ్చిన ప్రతి. రికార్డుకి దాదాపు కిలోమీటరు దూరంలో ఆగిపోయాడు. ఇంకొకడైతే ఇంటికెళ్లిపోయేవాడు. ఓబ్రీ మర్నాడు పొద్దున్నే మళ్లీ తొక్కుతానన్నాడు. రాత్రి కండరాలు పట్టేయకుండా మధ్యమధ్యలో లేచి సాగదీసుకోవాలని కడుపునిండా నీళ్లు తాగి పడుకున్నాడట, అలారం పని మూత్రాశయం చూసుకుంటుందని. తెల్లారి తన సొంత పాత సైకిలెక్కి 51.596 కొట్టాడు.

ఒక్క రాత్రిలో ఫామ్ పెరగదు, తరుగుతుంది. మరి మారిందేంటి? సైకిలు. నా మెషిన్‌లో పనిచేస్తోంది అని మనం అంటే టెస్టింగ్ వాళ్లు నవ్వుతారు గానీ, ఓబ్రీ విషయంలో అది అక్షరాలా నిజం. అయితే నన్నడిగితే పట్టుదల వాటాని కూడా కొట్టిపారేయలేం. దాన్ని కొలిచే మీటరు లేదు, అంతే.

ఆరు రోజులకే ఇంగ్లండ్‌కి చెందిన క్రిస్ బోర్డ్‌మన్ 52.270తో దాన్ని దాటేశాడు. ఇక ఆ తర్వాత పోటాపోటీ. 1994 ముగిసేసరికి రికార్డు 55 దాటింది. ఓబ్రీ భంగిమని అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం, అదే యూసీఐ, 1994 ప్రపంచ పోటీల్లో నిషేధించి అతన్ని బయటికి పంపింది. ఊరుకున్నాడా? చేతులు సూపర్‌మాన్‌లా ముందుకి బారజాపే ఇంకో భంగిమ కనిపెట్టి 1995లో మళ్లీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. దాన్ని బోర్డ్‌మన్ అందిపుచ్చుకుని 1996 సెప్టెంబర్‌లో మాంచెస్టర్‌లో 56.375 కొట్టాడు. యూసీఐ దాన్నీ నిషేధించింది.

తర్వాత యూసీఐ చేసిన పని చరిత్రలో అరుదైనది. ఇదంతా యంత్రాల పోటీ అయిపోయింది, మనిషిని కొలుద్దాం అంది. 2000లో పాత రికార్డులన్నీ పక్క పుస్తకంలోకి మార్చేసి, మెర్క్స్ 1972లో తొక్కిన లాంటి మామూలు సైకిలు మీద కొడితేనే గంట రికార్డు అని తీర్మానించింది. అదే ఏడాది అక్టోబర్ 27న బోర్డ్‌మన్ మామూలు హ్యాండిల్, స్పోక్స్ చక్రాలతో మళ్లీ మాంచెస్టర్ ట్రాకెక్కాడు. 49.441. మెర్క్స్ కన్నా సరిగ్గా 10 మీటర్లు ఎక్కువ.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఒకే మనిషి. ఒకే ఊరు. ఒకసారి 56.375, ఇంకోసారి 49.441. తేడా దాదాపు ఏడు కిలోమీటర్లు! నాలుగేళ్లు వయసు మీదపడింది, రిటైర్‌మెంట్ ముంగిట్లో ఉన్నాడు, అది కొంత తీసేయండి. అయినా మన ఘనం లెక్కలో 48 శాతం తేడా వస్తోంది. నలభై ఎనిమిది శాతం ఫామ్ ఎవడికీ నాలుగేళ్లలో ఊడిపోదు. కాబట్టి భంగిమా సరంజామా కలిపి ఎంత పెద్ద విషయమో చూపించడానికి ఇంతకన్నా మంచి ప్రయోగం చరిత్రలో దొరకదు.

పోనీ మెర్క్స్ సైకిలు మీద కొలిచింది శుద్ధమైన సత్తానేనా? అదీ కాదు. మెక్సికో సిటీ రెండు వేల మీటర్ల పైన ఎత్తులో ఉంది. అక్కడ గాలి పల్చన, నిరోధం తక్కువ. మెర్క్స్ సైకిలు కూడా బరువు తగ్గించడానికి ప్రత్యేకంగా చేయించిందే. మోజరేమో తన ప్రయత్నానికి ముందు రక్తం ఎక్కించుకున్నట్టు చాన్నాళ్ల తర్వాత ఒప్పుకున్నాడు. అప్పటికి అది నిషిద్ధం కాదు. అంటే ఫామ్ అన్నది కూడా శుద్ధ పదార్థం కాదన్నమాట. ఎక్కడో ఒకచోట గీత గీసి, ఇక్కణ్నించి ఇటు మనిషి, అటు యంత్రం అంటాం. ఆ గీత ప్రకృతి గీసింది కాదు, కమిటీ గీసింది. యూసీఐకీ అది అర్థమైనట్టుంది, 2014లో గీత చెరిపేసి, ట్రాక్ రేసుల్లో ఆనాడు అనుమతించే సైకిలేదైనా సరే అంది.

అక్కణ్నించి కథ మన జాతివాడి దగ్గరికొచ్చింది. జాతి అంటే ఇంజినీర్ల జాతి. డాన్ బిగమ్ అని, అప్పట్లో ఇనియోస్ జట్టులో పెర్ఫార్మెన్స్ ఇంజినీరుగా ఉండేవాడు. గాలి నిరోధం లెక్కలు కట్టడం అప్పుడు అతని ఉద్యోగం. 2022 ఆగస్ట్ 19న స్విట్జర్లాండ్‌లోని గ్రెంచెన్ ట్రాక్ మీద తనే ఎక్కి 55.548 కొట్టి ప్రపంచ రికార్డు పట్టేశాడు! ఆ వార్త చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పలేను. మనమూ గెలవొచ్చన్నమాట.

ఆ ఆనందం ఏడు వారాలే. అక్టోబర్ 8న అదే ట్రాక్ మీద, అదే జట్టు పరిజ్ఞానంతో, అదే తరహా సైకిలు మీద ఫిలిప్పో గన్నా 56.792 తొక్కాడు. అతను ప్రపంచ టైమ్ ట్రయల్ ఛాంపియన్‌గా రెండు సార్లు నిలిచినవాడు. ఇద్దరికీ తెలివి ఒకటే, కాళ్లు వేరు. తేడా 1244 మీటర్లు.

ఈ రెండు ప్రయోగాలూ పక్కపక్కన పెట్టండి. మనిషి ఒకడే, భంగిమా సరంజామా మారితే ఏడు కిలోమీటర్లు. అవి దాదాపు ఒకటే, మనిషి మారితే ఒకటింపావు. అయితే ఫామ్‌కి విలువ తక్కువనా? కాదు. ఆ ట్రాక్ దాకా వచ్చినవాళ్లందరూ అప్పటికే ఫామ్ జల్లెడలోంచి బయటపడ్డవాళ్లు. నన్ను గన్నా సైకిలెక్కించి గన్నాలా వంచినా ముప్ఫై కిలోమీటర్ల దగ్గర ఆయాసంతో దిగిపోతా. పైదాకా వచ్చినవాళ్లలో సత్తా తేడా తగ్గిపోతుంది. అప్పుడు మిగిలిన చిన్న విషయాలే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. చిన్న విషయాలు నిర్ణయించాయి కాబట్టి అవే ముఖ్యం అనుకోవడం మన పొరపాటు. మన అప్రైజళ్లలో, ప్రమోషన్లలో, ఆఖరి రౌండు ఇంటర్వ్యూల్లో జరిగేదీ ఇదే. అక్కడి దాకా వచ్చిన ఇద్దరూ సమర్థులే. ఒకళ్లు తప్పిపోతారు. ఎందుకు తప్పారో చెప్పడానికి ఎవరో ఒక పిలకజుట్టు వెతుకుతారు.

నేను పాత కంపెనీలో ఉన్నప్పుడు మా టీములో ఒకాయన ఉండేవారు. పదేళ్లు ఒక సిస్టమ్‌ని కంటికి రెప్పలా చూసుకున్నారు. ఒక రాత్రి ఆయన నొక్కిన ఒక్క కమాండుతో నాలుగు గంటలు అంతా ఆగిపోయింది. ఆ కమాండు అలా నొక్కగలిగేలా వదిలేసినవాళ్లు వేరు, బ్యాకప్ సరిచూడనివాళ్లు వేరు, ఆయన్ని వరసగా మూడు రాత్రులు మేలుకోబెట్టినవాళ్లు వేరు. రిపోర్టులో ఒక్క పేరే వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలకి కూడా ఆయన్ని "ఆ రోజు సర్వర్ పడేసినాయన" అనే పరిచయం చేసేవాళ్లు. నేనూ ఆ మాట ఒకట్రెండు సార్లు అన్నవాణ్నే, నవ్వుతూ. ఫిన్యోన్ గురించి చదివిన రోజున అది గుర్తొచ్చి సిగ్గేసింది.

ఎందుకంటే ఫిన్యోన్ బతుకంతా ఇదే. ఎక్కడికెళ్లినా "ఎనిమిది సెకన్లతో టూర్ ఓడిపోయింది మీరే కదా" అని పలకరించేవారట. తను రెండు సార్లు గెలిచినవాణ్నని గుర్తుచేయాల్సి వచ్చేది. 2010 ఆగస్ట్ 31న, యాభై ఏళ్లకే క్యాన్సర్‌తో పోయాడు. ఆ రోజు వార్తల్లోనూ ఎనిమిది సెకన్లే.

2020 సెప్టెంబర్ 19న ఇదే సినిమా మళ్లీ పడింది. టూర్‌లో ఒక్కరోజు ముందు, 36.2 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. స్లొవేనియాకి చెందిన ప్రిమోజ్ రోగ్లిచ్ 57 సెకన్ల ఆధిక్యంతో బయల్దేరాడు. అదే దేశానికి చెందిన కుర్రాడు తదేయ్ పొగాచర్ అతని కన్నా నిమిషం 56 సెకన్లు ముందు ముగించి టూర్ ఎగరేసుకుపోయాడు. ఈసారి ఇద్దరికీ కడ్డీలున్నాయి, హెల్మెట్లున్నాయి, గాలి సొరంగంలో సరిచూసుకున్న భంగిమలున్నాయి. అయినా జనం దేన్ని పట్టుకున్నారు? రోగ్లిచ్ నెత్తి మీద పక్కకి జరిగి వికారంగా కనిపించిన హెల్మెట్‌ని! దాదాపు రెండు నిమిషాల తేడాకి హెల్మెట్ వంకర కారణమట. ఆ రోజు కొండ మీద కుర్రాడి కాళ్లు బలంగా ఉన్నాయి, పెద్దాయనవి లేవు. అంతే సంగతి. రోగ్లిచ్ మాత్రం పదిహేను రోజులకి లియేజ్ రేసు గెలిచాడు. ఆ ఏడాదే స్పెయిన్ టూర్ గెలిచాడు. మరుసటి ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకం కొట్టాడు. ఎందులోనంటే, టైమ్ ట్రయల్లోనే.

మొన్నామధ్య ఆ పాత టీమ్ పెద్దాయనకి ఫోన్ చేశాను. రిటైరై సొంతూళ్లో ఉంటున్నారు. అవీ ఇవీ మాట్లాడాక, ఆయన రాసిన సిస్టమ్ ఇంకా నడుస్తూనే ఉందని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎన్నాళ్లుగా ఆగకుండా నడుస్తోందోయ్?" అనడిగారు.

ఆ లెక్క నా దగ్గర లేదు. ఆగిపోయిన నాలుగు గంటల లెక్క మాత్రం నిమిషాలతో సహా గుర్తుంది.